గార్డుపేటకు రాణిగారి రంగు

ఏమోయ్ అల్లుడూ, ఆగక్కడ! ఒకసారి వెనక్కి తిరుగు. తిరగవయ్యా బాబూ, సిగ్గెందుకు, ఇదేమన్నా పెళ్లిచూపులా? అదీ సంగతి. వచ్చి పావుగంట కాలేదు, ఇస్త్రీ చొక్కా వీపంతా ఎర్రగా చేసుకున్నావు. గోడకి ఆనుకుని ఫోటో దిగావు కదూ? "విక్టోరియా మహారాణి కాలంనాటి గోడ, ఆనాటి అసలు రంగు" అని రాసి చుట్టాలందరికీ పంపించేశావు కూడా. మా మేనకోడలు చదువుకున్నవాణ్ణి చేసుకుందని తెలుసుగానీ, మరీ ఇంత చదువుకున్నవాడివనుకోలేదు.

తుడవకు. తుడిస్తే ముందువైపు కూడా అంటుకుంటుంది. ఉతికినా పోదు. నాకెలా తెలుసంటావా? ఆ రంగు కనిపెట్టిన మహానుభావుణ్ణి నేనే గనక.

నోరు మూసుకో, ఈగలున్నాయి. ఇలా వచ్చి మంచం మీద కూర్చో. గోడకి దూరంగా.

మా నల్లవాగు జంక్షన్ తెల్లవాళ్ల రైలు కంపెనీ పెట్టిన ఊరు. ఇంజన్లకి నీళ్లు పట్టడానికి ఇక్కడ మకాం వేసి, పట్టాల పక్కన గార్డులకీ డ్రైవర్లకీ స్థలాలిచ్చారు. వాళ్లు ముప్పై రెండు ఇళ్లు కట్టుకున్నారు. అదే గార్డుపేట. ప్రతి ఇంటికీ ముందు కమానుల వరండా, చెక్క జాలీలు, పైన బంగాళా పెంకు, లోపల హాల్లో చలిమంట వేసుకునే గూడు. నల్లవాగులో చలి అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి. అయినా వాళ్ల దేశంలో ఇంటింటికీ ఉంటుంది గనక ఇక్కడా కట్టారు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, ఆ గూట్లో పిల్లి ఈనడం తప్ప ఇంకో పని జరగలేదు. కాబట్టి ఈ పేటలో తెలివితక్కువతనం మాతో మొదలైందని అనుకోకు. పునాదుల్లోనే ఉంది.

నేను రైల్వేలో పెయింటర్ ఖలాసీని. ఐదో తరగతి చదివాను, ఆరో తరగతి గదికి రంగు వేశాను. పెరీరా అనే గార్డుగారి మనవడు ఊరొదిలి వెళ్లిపోతూ ఈ ఇల్లు నాకు అమ్మాడు. అప్పట్నుంచీ నేనూ, మీ అత్తయ్య తిరపతమ్మా ఇక్కడే. ఇంట్లో అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. నలభై ఒక్క అడుగులు. ఆ లెక్క నాది కాదు, తిరపతమ్మది. మోకాళ్లు అరిగిపోయినవాళ్లకే ఆ లెక్కలు తెలుస్తాయి. అక్కడ గొంతుక్కూర్చోవాలి. కూర్చోవడం ఎలాగో అయినా లేవడానికి ఆవిడ గోడ పట్టుకుని దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలిచేది.

పోయిన మాఘమాసంలో ఒకరోజు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఏవయ్యా, వానలు పడే లోపల ఇంట్లో కమోడు కట్టించు. డాక్టరు కూడా చెప్పాడు. ఈసారి ఆ పాచి మీద జారానంటే నన్ను ఎత్తుకెళ్లడానికి నలుగుర్ని చూసుకో."

"నలుగురు చాలరే, నీ బరువుకి ఆర్గురు కావాలి," అన్నాను.

ఆ పూట నాకు మజ్జిగ పడలేదు.

మేస్త్రీని మాట్లాడాను. గోడకి రంధ్రం కొట్టాలంటే పర్మిషన్ కావాలన్నాడు. పర్మిషన్ కోసం వెళితే, మునిసిపాలిటీ వాళ్లు మేడమీదికి వెళ్లమన్నారు. మేడమీద కొత్త బోర్డు ఉంది: గార్డుపేట ప్రాచీన గృహ వారసత్వ పరిరక్షణ మండలి. లోపల ప్రత్యేకాధికారి చిదంబరేశ్వరరావుగారు, ముందు ఒక గాజుగ్లాసులో నీళ్లు, వెనక ఒక పెద్ద మహారాణి పటం. ఆ ఏడు వారసత్వం మీద ఎక్కడలేని మోజు పుట్టింది. ఎవరో పై ఊరి పెద్దమనిషి రైల్లో వెళుతూ కిటికీలోంచి మా పేటని చూసి "అబ్బ!" అన్నాడట. ఆ అబ్బ మీద ఆఫీసు పెట్టారు.

"బొంతు ముసలయ్య అనువారు తమరేనా?"

"నేనేనండి. పుట్టినప్పట్నుంచీ ముసలయ్యనే."

ఆయన నవ్వలేదు. నవ్వడానికి పైవాళ్ల అనుమతి రావాలేమో.

"తమరు నివసించుచున్న గృహము వారసత్వ జాబితాలో చేర్చబడినది. సదరు గృహమునకు మార్పులు, చేర్పులు, తీసివేతలు నిషిద్ధము."

"మార్పేం లేదండి. మా ఇంటిదానికి మోకాళ్లు పట్టేశాయి. లోపల చిన్న కమోడు..."

"పందొమ్మిది వందల ఒకటి, జనవరి ఇరవై రెండు."

"దరఖాస్తుకి ఆఖరి తేదీ అదాండీ? అయ్యో, దాటిపోయిందే!"

"మహారాణిగారు దివంగతులైన తేదీ," అన్నాడాయన, తనకి పది రోజుల మైల ఉన్నట్టు ముఖం పెట్టి. "ఆనాటి సాయంకాలమునకు గార్డుపేటలో ఏమున్నదో అది ఉండవలెను. తదనంతరము వచ్చినది పోవలెను. ఆ తేదీ నాటికి తమ గృహాంతర్భాగమున కమోడు ఉండెనని ఆధారము సమర్పించినచో, పరిశీలింపబడును."

ఇంటికొచ్చి తిరపతమ్మకి చెప్పాను.

"ఆ రాణమ్మకి మోకాళ్ల నొప్పులుండేవి కావా?" అంది.

తర్వాతి వారం చిదంబరేశ్వరరావుగారు డాక్టర్ హిమజ అనే నిపుణురాలిని వెంటబెట్టుకుని పేటలోకి దిగాడు. డాక్టరంటే మోకాళ్ల డాక్టరేమోనని తిరపతమ్మ ఆశపడి కుర్చీ వేసింది. ఆ అమ్మాయి గోడల డాక్టరు. సంచీలోంచి సన్నటి కత్తి తీసి, మా వరండా గోడని ఉల్లిపాయ పొరలు తీసినట్టు గీకింది. నీలం వచ్చింది. దానికింద పసుపు. దానికింద ఆకుపచ్చ. పదకొండు పొరలు పోయాక ఇటుక మీద చివరిగా ఒక ముదురు ఎరుపు కనిపించింది.

ఆ అమ్మాయి కత్తి కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"సార్! ఇదే మొదటి రంగు. దీనికింద ఇంకేమీ లేదు!"

పక్కింట్లో గీకారు. అదే ఎరుపు. ఆ పక్కింట్లో. అదే. ముప్పై రెండు ఇళ్లలోనూ ఒకటే ఎరుపు. ఇంతమంది యజమానులు ఒకే రంగు వేశారంటే అది కంపెనీ ఉత్తర్వే అయ్యుండాలని ఆ అమ్మాయి తేల్చింది. అప్పటికప్పుడు దానికి "విక్టోరియా సింధూరం" అని పేరు పెట్టింది.

అల్లుడూ, అప్పుడు నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. లేకపోతే నవ్వుకి కిందపడేవాణ్ణి.

ఎనభై ఒకటిలో మా జనరల్ మేనేజరుగారి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. రైల్వేలో ఇన్‌స్పెక్షనంటే నీకు తెలియదు. కదిలేదానికి సలాం కొట్టాలి, కదలనిదానికి రంగు కొట్టాలి. దొరగారి సెలూను పెట్టె గార్డుపేట పక్కనుంచి వెళుతుంది గనక, ఆయన కంటికి పాచిపట్టిన గోడలు ఆనకూడదని, సొంత ఇళ్లయినా సరే పేట మొత్తానికి రంగు వెయ్యమన్నారు. నేనూ ఇంకో నలుగురూ దిగాం. మేమెప్పుడూ వంతెనలకీ, సిగ్నలు స్తంభాలకీ, వ్యాగన్లకీ రంగు వేసినవాళ్లం. మాకు తెలిసిన పద్ధతి ఒకటే: పాతది ఇనుము కనపడేదాకా గీకెయ్యి, తుప్పు పట్టకుండా రెడాక్సైడు అనే ఎర్రరంగు పూయి, ఆపైన ఏ రంగైనా వెయ్యి. గోడలకి తుప్పు పట్టదని మాకెవరూ చెప్పలేదు. ముప్పై రెండు ఇళ్ల సున్నాన్నీ ఇటుక కనపడేదాకా గీకి, డ్రమ్ములకి డ్రమ్ములు రెడాక్సైడు పూశాం. ఆ గీకినదాంట్లోనే పోయింది రాణిగారి కాలం రంగు.

ఆ రంగేమిటో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఎదురింటి మిసెస్ డిక్రూజ్. ఎనభై నాలుగేళ్లు. వాళ్ల తాత ఇంజన్ డ్రైవరు, ఈ పేటలో మొదటి ఇల్లు ఆయనదే. ఆ గోడల డాక్టరు మాటలు విని ఆవిడ గౌను సర్దుకుంటూ వచ్చి గోడ చూసింది.

"వాట్ నాన్సెన్స్! సున్నం మ్యాన్, ఒట్టి తెల్లసున్నం. మా గ్రాండ్‌పా ప్రతి క్రిస్మస్‌కీ తనే కొట్టేవాడు. ఈ ఎరుపు... హే ముసలయ్యా, ఇది నీ..."

నేను కన్ను గీటాను. ఆవిడ ఆగిపోయింది. ఆవిడకి నా కన్నుగీటు సంగతి నలభై ఏళ్లుగా తెలుసు.

"వృద్ధుల జ్ఞాపకము మౌఖికాధారము మాత్రమే," అన్నాడు చిదంబరేశ్వరరావుగారు. "గోడ శాస్త్రీయాధారము. గోడ అబద్ధమాడదు."

గోడ ఎందుకాడుతుందీ, దానికి నేనున్నాగా.

నెల తిరిగేసరికి ముప్పై రెండు ఇళ్లకీ విక్టోరియా సింధూరం పూశారు. సున్నం మీద రెడాక్సైడు నిలవదు, పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు మేం పైన ఇంకో రంగు వేశాం గనక సరిపోయింది. ఇప్పుడు పైన వెయ్యకూడదని ఉత్తర్వు. పేటలో మనుషుల వీపులు ఎర్రబడ్డాయి, గేదెల పక్కలు ఎర్రబడ్డాయి, ఆరేసిన పంచెలు ఎర్రబడ్డాయి. రాణిగారి కాలంలో లేని బండి పేటలోకి రాకూడదన్నారు. స్కూటర్లూ జీపులూ వీధి మొదట్లోనే ఆపేసి నడిచి రావాలి. నీళ్ల ట్యాంకులు దింపించారు. కరెంటు మాత్రం ఉంచారు. మండలి మీటింగులకి ఫ్యాను కావాలి గనక.

నేను మటుకు జీవితంలో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాను. పొద్దున్నే వరండాలో కూర్చోవడం, దారినపోయేవాళ్ల వీపులు చూసి నవ్వుకోవడం. తిరపతమ్మ మాత్రం నవ్వలేదు. చేత్తో మోకాలు రాసుకుంటూ, "నా కమోడు సంగతేం చేశావు?" అనేది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అసలు నా ఆలోచనలన్నీ ఇలాగే వస్తాయి, పిలవని పేరంటంగా. వీళ్లు గోడనే నమ్మినవాళ్లు, కుర్చీని నమ్మరా?

మిసెస్ డిక్రూజ్ గారి అటక మీద పాత పేము కుర్చీ ఒకటుంది. కూర్చునేచోట అల్లిక మొత్తం పోయి గుండ్రంగా బొక్కపడింది. అడిగి తెచ్చుకుని, దానికి నాలుగురోజులు పొయ్యి మీద పొగ పట్టించాను. కాలు మీద మేకుతో "పెరీరా, 1896" అని గీశాను. మండలికి కబురు పెట్టాను: మా అటక మీద పెరీరా గార్డుగారి లోపలి కమోడు దొరికిందోచ్ అని.

హిమజమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. బొక్కలోకి తొంగి చూసింది. కొలిచింది. ఫోటోలు తీసింది.

"సార్, ఇది అసలు సిసలు విక్టోరియా కాలపు కమోడు కుర్చీ. ఇంటి లోపలే వాడేవాళ్లనడానికి మన రాష్ట్రంలో దొరికిన మొదటి ఆధారం!"

నేను తిరపతమ్మ వైపు చూసి మీసం దువ్వాను. ఆవిడ ముఖంలో కూడా ఒక చిన్న వెలుగు కనిపించింది. అదొక్కటీ నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

మూడోరోజు ఉత్తర్వు వచ్చింది. చిదంబరేశ్వరరావుగారే వరండాలో నిలబడి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, మహారాణిగారి కాలమున గార్డుపేట వాసులు గృహాంతర్భాగమున కుర్చీలు వినియోగించెడివారని నిర్ధారణ అయినది. కావున, ఒకటి: సదరు కుర్చీ సంరక్షిత వస్తువు. దానిని తాకుట, కూర్చొనుట నిషిద్ధము. రెండు: పెరళ్లలోని దొడ్లు తదనంతర నిర్మాణములని తేలినందున, ముప్పై రెండింటినీ వారము దినములలో తొలగించవలెను."

నేను అడ్డం వెళ్లి నిలబడ్డాను.

"మరి మేం ఎక్కడికెళ్లాలండీ?"

"ఇదే నమూనా కుర్చీలు చేయించుకొని, క్రింద పాత్ర ఉంచుకొనవచ్చును. మండలికి అభ్యంతరము లేదు."

తిరపతమ్మ గుమ్మం పట్టుకుని లేచింది.

"ఆ గిన్నె ఎవరెత్తుతారు సారూ? ఆ రోజుల్లో దొరలదెత్తడానికి మనుషుల్ని పెట్టుకున్నారు. ఆళ్ల మనవలు ఇయ్యాళ బళ్లో పంతుళ్లయ్యారు. మీరొచ్చి ఎత్తుతారా?"

"ఆ అంశము మండలి పరిధిలోనికి రాదు," అన్నాడాయన.

కుర్చీ చుట్టూ ఎర్రతాడు కట్టారు. "తాకరాదు" అని బోర్డు పెట్టారు. మా ఇంట్లో కమోడు ఉంది, చూడ్డానికి పొరుగూళ్లనుంచి జనం వస్తున్నారు, కూర్చునే హక్కు ఒక్కరికీ లేదు. పెరట్లో దొడ్డి పలుగులతో కొట్టేశారు. మా ఒక్కరిదే కాదు, పేట మొత్తంలోనూ. మిసెస్ డిక్రూజ్ ఇంటికి కూడా వచ్చి చూశారు. ఆవిడ పెరట్లో ఏమీ లేదని రాసుకుని వెళ్లిపోయారు.

ఆ మర్నాటి నుంచి గార్డుపేట జనం స్టేషనుకి వెళ్లడం మొదలెట్టారు. అక్కడ మరుగుదొడ్లు మూడో ప్లాట్‌ఫారం మీద ఉన్నాయి. ముందు కౌంటర్లో ప్లాట్‌ఫారం టిక్కెట్టు తీసుకోవాలి, తర్వాత వంతెన మెట్లెక్కి దిగాలి. ఎర్రవీపులతో పొద్దున్నే వరసగా నడుస్తుంటే, ఏదో దీక్ష పట్టినవాళ్లనుకుని పాసింజరు రైల్లోవాళ్లు దణ్ణాలు పెట్టేవాళ్లు. స్టేషన్‌మాస్టారు నన్ను ఆపి, "మామా, ఇంతమంది రోజూ ఎవర్ని ఎక్కించడానికొస్తున్నారు?" అని అడిగాడు.

"ఎక్కించడానికి కాదు బాబూ, దించుకోడానికి," అన్నాను.

నాలుగోరోజో ఐదోరోజో, తిరపతమ్మ వంతెన మీద పదిహేడో మెట్టు దగ్గర కూర్చుండిపోయింది. పైకి లేవలేదు, కిందకి దిగలేదు. జనం ఆవిణ్ణి తప్పించుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేను జోకు వెయ్యబోయాను. వెయ్యలేకపోయాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నలభై ఆరేళ్ల కాపరంలో వాళ్లమ్మ పోయినప్పుడు ఒక్కసారే చూశాను ఆ ఏడుపు.

"నీ నవ్వులకి ఒకరి మోకాళ్లు కావాలా అయ్యా?" అంది.

ఆరోజు సరిగ్గా పదిన్నరకి నేను మండలి ఆఫీసులో ఉన్నాను. చిదంబరేశ్వరరావుగారూ, హిమజమ్మా ఇద్దరూ ఉన్నారు. ఉన్నదంతా చెప్పేశాను. రెడాక్సైడు, జనరల్ మేనేజరు, డ్రమ్ములు, పొగబెట్టిన కుర్చీ, మేకు, అన్నీ. చెప్పి, చెంపలు వేసుకుని నిలబడ్డాను. జైల్లో పెడతారనుకున్నాను. జైల్లో కమోడు ఉంటుందేమోనని కూడా అనుకున్నాను.

"తమరు చెప్పినదానికి ఆధారమేమి?" అన్నాడాయన.

"నేనేనండి ఆధారం. వేసిన చెయ్యి ఇదిగో."

"అబద్ధము చెప్పినప్పుడు కుర్చీని ఆధారముగా తెచ్చితిరి. సత్యము చెప్పునప్పుడు ఒట్టిచేతులతో వచ్చితిరి. ఎట్లు నమ్మమందురు?"

హిమజమ్మ మాత్రం నా వైపు కళ్లార్పకుండా చూస్తోంది.

"తాతా, ముందు రెడాక్సైడు వెయ్యాలని నీకెవరు నేర్పారు?"

"మా మేస్త్రీ రోశయ్యగారు."

"ఆయనకి?"

"ఆయనకి వాళ్ల మేస్త్రీ. రైల్వే పుట్టినప్పట్నుంచీ అంతే కదమ్మా."

"విన్నారా సార్!" అంది ఆ అమ్మాయి లేచి నిలబడి. "మహారాణి కాలం నుంచి తెగకుండా వస్తున్న సంప్రదాయం! ఈయన తెలియకుండానే అసలు రంగుని మళ్లీ వేశాడు. ఈయన అబద్ధం మన సిద్ధాంతాన్ని బలపరుస్తోంది!"

నేను నిజం చెప్పి ఓడిపోయిన మొదటి రోజు అది. అలవాటు లేనిపని చేస్తే అంతే.

పది రోజులకి ఒక పెద్ద కవరు వచ్చింది. నన్ను "సజీవ వారసత్వ సంపద"గా గుర్తించారట. సన్మానం సంపద ఉన్నచోటే, అంటే మా ఇంట్లోనే చేస్తారట. చదివి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. హిమజమ్మే నా పేరు రాసి ఉంటుందనుకున్నాను. మెట్ల మీద ఏడుపు మర్చిపోయాను. నా బుద్ధి అలాంటిది, శాలువా చూపిస్తే గంగిరెద్దులా తల ఊపుతుంది. ఆశ్చర్యమేమిటంటే తిరపతమ్మ కూడా కాదనలేదు. "రానీ, మర్యాద చేద్దాం," అంది.

ఆవేళ మే నెల ఎండ. మిసెస్ డిక్రూజ్ వచ్చి ముందు వరసలో కూర్చుంది. చిదంబరేశ్వరరావుగారు జీపు వీధి మొదట్లో దిగి, తన ఉత్తర్వు ప్రకారమే నడుచుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చాడు. తిరపతమ్మ గుమ్మంలోనే కొబ్బరినీళ్లు ఇచ్చింది. తాగాడు. కూర్చోగానే పల్చటి మజ్జిగ. తాగాడు. తర్వాత బార్లీ నీళ్లు.

"పంచదార వెయ్యలేదండీ. తమరికి షుగరని విన్నాను," అంది.

"తమరి శ్రద్ధ ప్రశంసనీయము," అంటూ రెండు గ్లాసులు తాగాడు. ఉపన్యాసం మొదలెట్టాడు. గొంతు ఆరినప్పుడల్లా గ్లాసు సిద్ధంగా ఉంది. మహారాణి పట్టాభిషేకం దగ్గర మొదలై ఆవిడ మనవరాళ్ల పెళ్లిళ్ల దాకా వచ్చేసరికి, మాటలు త్వరపడ్డాయి. ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు. శాలువా నాకు కప్పబోయి మిసెస్ డిక్రూజ్ గారికి కప్పాడు.

చివరికి తిరపతమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ ప్రాంగణమున... ప్రకృతి ధర్మము నిమిత్తము... ఏదేని ఏర్పాటు..."

"ఉండేదండీ. నలభై ఒక్క అడుగుల దూరంలో. మీరే కొట్టించారు."

ఆయన కళ్లు పేము కుర్చీ మీదకి పోయాయి.

"తాకరాదండీ," అంది తిరపతమ్మ.

"స్టేషను?"

"ఎంతండీ, పావుగంట నడక. టిక్కెట్టు దగ్గర పది మంది ఉంటారు. మెట్లు యాభై రెండు."

"నా జీపు!"

"రాణిగారి కాలంలో లేదు కదండీ."

ఆయన నుదుటి మీద చెమట చూసి నాకు కూడా జాలేసింది. అప్పుడు మిసెస్ డిక్రూజ్ శాలువా సర్దుకుని, అగ్గిపెట్టె అడిగినంత మామూలుగా అంది.

"ఒక ప్లేస్ ఉంది మ్యాన్. కానీ చెబితే దాన్ని కూడా పడగొడతావు. ముందు రాసియ్యి."

తిరపతమ్మ అప్పటికే కాయితం, కలం, కింద అట్ట, అన్నీ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వంకరగా నిలబడే రాశాడు: "వారసత్వ సందర్శకుల, అధికారుల సౌకర్యార్థము గార్డుపేట గృహములన్నింటి యందు ఆధునిక శౌచ సదుపాయములు తక్షణమే నిర్మించుకొనుటకు అనుమతించడమైనది." ఆయన వాడిన "తక్షణమే" అన్న మాటకి అర్థం తెలిసింది జీవితంలో ఆ ఒక్కసారే అయ్యుంటుంది.

సంతకం పడగానే మిసెస్ డిక్రూజ్ ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్లి, పడగ్గదిలో బట్టల బీరువాని పక్కకి జరిపింది. వెనకాల తలుపు. తలుపు వెనకాల తెల్లగా మెరిసిపోతూ కమోడు. వాళ్ల నాన్న అరవై రెండులో కట్టించాడట. మండలి వచ్చిన రోజు బీరువా అడ్డం పెట్టేసింది. వంతెన మెట్ల దగ్గర ఏడ్చిన రోజు సాయంత్రమే తిరపతమ్మని పిలిచి చూపించిందట. అప్పట్నుంచీ ఈవిడ రోజూ "డిక్రూజమ్మ దగ్గర కాసేపు కబుర్లాడొస్తా" అని వెళ్లడం. నేనేమో పిచ్చివాడిలా నెలరోజులు స్టేషనుకి నడవడం.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టే," అంది.

పదిహేను రోజుల్లో మా కమోడు లేచింది. తెల్ల పలకలు, పట్టుకుని లేవడానికి గోడకి స్టీలు కడ్డీ. తిరపతమ్మ మొదటిరోజు కడ్డీ పట్టుకుని, ఏ దేవుణ్ణీ పిలవకుండా లేచింది. బయటకొచ్చిన ఆ ముఖం చూడాలయ్యా నువ్వు.

సాయంత్రం నేను పేపరు చంకలో పెట్టుకుని, బీడీ చెవిలో దోపుకుని బయల్దేరాను. తలుపుకి తాళం. తాళంచెవి ఆవిడ నడుముకి.

"నువ్వెళ్లకూడదయ్యా."

"ఎందుకెళ్లకూడదు? కట్టించింది నేను!"

"నువ్వు జాబితాలో ఉన్నావు. గోడ మీదున్న నీ సన్మాన పత్రం చదువుకో, మూడో లైను."

కూడబలుక్కుని చదివాను. 'సదరు వారసత్వ సంపద, మహారాణిగారి కాలానంతర సదుపాయములను వినియోగించరాదు.'

ఒంటికాలి మీద మండలికి పరుగెత్తాను. నా పేరు తీసెయ్యమన్నాను. అసలు నన్ను ఎక్కించమని ఎవరడిగారని కేకలేశాను. చిదంబరేశ్వరరావుగారు, ఆ ఒక్కరోజు, నవ్వాడు. ఫైలు తెరిచి మొదటి కాయితం నా ముందు పెట్టాడు. దరఖాస్తుదారు బొంతు తిరపతమ్మ. సాక్షి మిసెస్ డిక్రూజ్. ఆ గుండ్రటి అక్షరాలు నాకు బాగా తెలుసు, అల్లుడూ, సరుకుల చీటీలో రోజూ చూసేవే:

"అయ్యా, నా భర్త పాతకాలం మనిషి. నలభై ఆరేళ్లుగా బాగుచెయ్యాలని చూశాను, నావల్ల కాలేదు. ఇంక ఎవరివల్లా కాదు. కాబట్టి ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను."